పగటి లైట్లకు ఎల్‌ఈడీ: వెలుగు కన్నా ముందు కరెంటు సంగతి

డీఆర్‌ఎల్ (కారు ముందు పగలు వెలిగే లైటు) బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టే విషయమై ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి జవాబులు.

ప్రశ్న: మా కారు డీఆర్‌ఎల్‌లో హాలోజెన్ బల్బులున్నాయి, వెలుగు పసుపుగా ఉంటుంది. ఎల్‌ఈడీలో ఏ సైజు కొనాలి? ఇంట్లోనే మార్చుకోవచ్చా? (హనుమకొండ)

జవాబు: షాపులో కారు పేరు చెప్పి కొనకండి. ఒకే మోడల్‌లో ఒక్కో వేరియంట్‌కు ఒక్కో రకం బల్బు ఉంటుంది. పాత బల్బు తీసి దాని అడుగున ఉన్న అక్షరాలు చదవండి. పీ21డబ్ల్యూ అని ఉంటే ఒకే ఫిలమెంట్ (వేడెక్కి వెలిగే సన్నని తీగ), 21 వాట్లు. అందరూ హాలోజెన్ అంటారు గానీ ఇది మామూలు ఫిలమెంట్ బల్బే. పీ21/5డబ్ల్యూ లేదా డబ్ల్యూ21/5డబ్ల్యూ అని ఉంటే రెండు ఫిలమెంట్లున్నట్టు. సాధారణంగా 21 వాట్లది పగటికి, 5 వాట్లది రాత్రి పార్కింగ్ లైటుకు. దీని స్థానంలో రెండు స్థాయుల్లో వెలిగే ఎల్‌ఈడీయే పెట్టాలి. పీవై21డబ్ల్యూ అని కనిపిస్తే మీరు ఇండికేటర్ బల్బు తీశారన్నమాట, తిరిగి పెట్టేయండి.

పెట్టె మీద రాసిన ల్యూమెన్లను (వెలుగు కొలతను) నమ్మొద్దు. పీ21డబ్ల్యూ ఇచ్చేది 460 ల్యూమెన్లు. ఎల్‌ఈడీ మల్టీమీటర్‌లో 0.3 ఆంపియర్లు లాగితే అది సుమారు 4 వాట్లు, మంచి రకమైనా దాని నుంచి 400, 500 ల్యూమెన్లే వస్తాయి. అదే బల్బు పెట్టె మీద 3000 అని ఉంటే నవ్వుకుని పక్కన పెట్టండి. ల్యూమెన్ల కన్నా ఎల్‌ఈడీలో వెలుగిచ్చే చిప్పులు ఎక్కడున్నాయన్నది ముఖ్యం. పాత ఫిలమెంట్ ఎంత ఎత్తులో ఉందో చిప్పులూ అంతే ఎత్తులో, చుట్టూ వెలుగు పడేలా ఉండాలి. అన్నీ కొనకే ఉంటే రిఫ్లెక్టర్‌కు పని ఉండదు, మధ్యలో ఒక చుక్క మెరుస్తుంది, చుట్టూ చీకటిగా ఉంటుంది. ఎల్‌ఈడీ పాతదాని కన్నా లావుగా ఉంటే హోల్డర్ రంధ్రంలో దూరదు. కొనేముందే పొడవు, మందం కొలిచి చూసుకోండి.

మార్చడం కష్టమేమీ కాదు. కారు ఆపి తాళంచెవి తీసేసి పావుగంట చల్లారనివ్వండి. వెనక నుంచి చెయ్యి పట్టకపోతే స్టీరింగ్‌ను ఒక పక్కకి పూర్తిగా తిప్పి, చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ క్లిప్పులు కొన్ని విప్పితే దారి దొరుకుతుంది. హోల్డర్‌ను అపసవ్యంగా పావు చుట్టు తిప్పితే ఊడి వస్తుంది. ఎల్‌ఈడీ పెట్టాక హోల్డర్‌ను లోపల బిగించకముందే వెలిగించి చూడండి. గుచ్చే రకం బల్బు వెలగకపోతే తిరగేసి గుచ్చండి. ఫిలమెంట్‌కు ప్లస్, మైనస్ తేడా లేదు, ఎల్‌ఈడీకి ఉంది. తర్వాత ఇంజన్ ఆన్ చేసి పార్కింగ్ లైటు, హెడ్‌లైటు, రెండు వైపుల ఇండికేటర్లు ఒక్కొక్కటిగా వేసి చూడండి. చాలా కార్లలో ఇండికేటర్ వేయగానే ఆ పక్క డీఆర్‌ఎల్ తగ్గుతుంది. తేడా అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: ఎల్‌ఈడీ పెట్టించాక మీటర్‌లో బల్బు పోయిందన్న గుర్తు వస్తోంది. లైట్లు వణుకుతున్నట్టు వెలుగుతున్నాయి. కారు ఆపినా సన్నగా మిణుకుతున్నాయి. బల్బులే చెడ్డవా? (గుంటూరు)

జవాబు: బల్బులు చెడ్డవి కాకపోవచ్చు. మీరు రాసిన మూడింటికీ వేర్వేరు కారణాలున్నాయి.

గుర్తు ఎందుకు వస్తోందంటే, బల్బు ఎంత కరెంటు లాగుతోందో కారు కంప్యూటర్ కొలుస్తుంది. 21 వాట్ల బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగాలి. మీ ఎల్‌ఈడీ 0.3 లాగుతోంది. ఫిలమెంట్ తెగిపోయిందని కంప్యూటర్ అనుకుంటుంది. వణుకుడికి కారణం వేరు. కొన్ని కార్లు బల్బుకు ఏకధాటిగా కరెంటు ఇవ్వవు, సెకనుకు వంద సార్ల చొప్పున ఆపుతూ ఇస్తూ వోల్టేజీని సర్దుతాయి. ఫిలమెంట్ వేడి ఆ కాస్త వ్యవధిలో ఆరదు కాబట్టి మనకు తెలియదు. ఎల్‌ఈడీ మాత్రం కరెంటు ఆగగానే ఆరిపోతుంది. ఇక కారు ఆపాక మిణుకుమనడం: బల్బు బాగుందో లేదో చూడటానికి కంప్యూటర్ చిన్న చిన్న కరెంటు పోట్లు పంపుతుంది. అవి ఫిలమెంట్‌ను వేడెక్కించలేవు, ఎల్‌ఈడీని వెలిగించేస్తాయి.

కాన్‌బస్ (కారులోని కంప్యూటర్లను కలిపే వైరింగ్ పేరు) అని రాసి అమ్మే ఎల్‌ఈడీల్లో లోపలే కొంత లోడు, పోట్లను అణిచే సర్క్యూట్ ఉంటాయి. అయినా ఒక కారులో పనిచేసింది మరో కారులో పనిచేయకపోవచ్చు, వాపసు తీసుకునే షాపులోనే కొనండి. ఫోక్స్‌వాగన్, స్కోడా లాంటి కార్లలో చాలావాటికి కారు కంప్యూటర్‌కు తగిలించే డయాగ్నస్టిక్ పరికరంతో ఆ ఒక్క బల్బు తనిఖీని ఆపేయవచ్చు, లైటు రకాన్ని ఎల్‌ఈడీగా మార్చవచ్చు. మా దృష్టిలో ఇదే శుభ్రమైన దారి, మార్చేముందు పాత కోడింగ్‌ను (కంప్యూటర్ సెట్టింగును) తప్పకుండా రాసి పెట్టుకోండి. వీలుకాకపోతే పాత బల్బులు తిరిగి పెట్టుకోవడం చిన్నతనమేమీ కాదు.

ప్రశ్న: మెకానిక్ ఎల్‌ఈడీలతో పాటు బంగారు రంగు రెసిస్టర్లు పెట్టాడు. గుర్తు పోయింది గానీ బంపర్ వెనక నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది. (కరీంనగర్)

జవాబు: ముందు కారు ఆపి వాటి కనెక్షన్ తీయించండి. పాత బల్బులా కరెంటు లాగి కంప్యూటర్‌ను నమ్మించడానికే రెసిస్టర్లు పెడతారు. అవి ఎక్కువగా 6 ఓమ్‌ల రెసిస్టర్లే అయి ఉంటాయి. ఇంజన్ నడుస్తుంటే 13.8 వోల్టుల దగ్గర ఒక్కోటి 2.3 ఆంపియర్లు లాగి దాదాపు 32 వాట్లను వేడిగా మారుస్తుంది. మీరు తీసేసిన బల్బే అంత కాల్చేది కాదు. ఇండికేటర్‌కు పెడితే నిమిషం వాడి ఆపేస్తాం, డీఆర్‌ఎల్‌కు పెడితే ప్రయాణం ఉన్నంతసేపూ వేడే. దాని మీద 50 వాట్లు అని ఉన్నా అది పెద్ద అల్యూమినియం పలక మీద బిగించినప్పటి లెక్క. టేపు చుట్టి గాలిలో వేలాడదీస్తే 15, 20 వాట్లకు మించి ఓర్చుకోదు. మీ మెకానిక్ చేసింది అదే కావచ్చు.

తప్పక పెట్టాల్సి వస్తే 10 ఓమ్‌లతో మొదలుపెట్టండి, వేడి 19 వాట్లకు తగ్గుతుంది. చాలా కార్లకు అది చాలు. బల్బుకు సమాంతరంగా (బల్బుకు వెళ్లే రెండు వైర్ల మధ్య) కలిపి, బంపర్ వెనకున్న ఇనుప బీమ్‌కు స్క్రూలతో బిగించండి. మధ్యలో వేడిని బీమ్‌లోకి పంపే హీట్ పేస్టు రాయండి. వైర్లు, ఫోమ్, ప్లాస్టిక్ దగ్గరలో ఉండకూడదు. ఒరిజినల్ వైరును కోయకండి, ప్లగ్ తగిలించే అడాప్టర్ వాడండి. కోసిన వైరును చూపించి వారంటీ నిరాకరిస్తారు, అతుకులోకి నీరు కూడా చేరుతుంది.

ప్రశ్న: డబ్ల్యూ21/5డబ్ల్యూ ఎల్‌ఈడీ పెట్టగానే ఫ్యూజు ఎగిరిపోయింది. (కర్నూలు)

జవాబు: ఈ హోల్డర్లలో నాలుగు కాంటాక్టులుంటాయి, వాటి వైరింగ్ రెండు రకాలు. ఫిలమెంట్ బల్బు రెండింటిలోనూ పనిచేస్తుంది. ఎల్‌ఈడీ మాత్రం ఒక రకానికే తయారవుతుంది, రెండోదాంట్లో పెడితే నేరుగా షార్ట్. మల్టీమీటర్‌తో ఎర్త్ కాంటాక్టులు ఏవో గుర్తించి, ఎల్‌ఈడీ మీదున్న అమరికతో పోల్చుకుని కొనండి. ఫ్యూజు స్థానంలో అంతకన్నా ఎక్కువ ఆంపియర్లది మాత్రం వేయకండి.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటున్నాను. హాలోజెన్ హెడ్‌లైట్ల గోల్ఫ్ 7 నడుపుతున్నాను. డీఆర్‌ఎల్‌కు ఎల్‌ఈడీ పెట్టవచ్చా?

జవాబు: వద్దు. మీ కారులోది హెచ్15 బల్బు. అందులో 15 వాట్ల ఫిలమెంట్ పగటి లైటుకు, 55 వాట్లది హై బీమ్‌కు. రెండూ ఒకే గాజులో ఉన్నాయి. పగటి లైటు తెల్లబడాలని మార్చితే హై బీమ్ కూడా మారిపోతుంది, రిఫ్లెక్టర్ లెక్క తప్పి వెలుగు చెదురుతుంది. పైగా జర్మనీలో ఆమోదం లేని బల్బు పెడితే వాహనానికున్న రోడ్డు అనుమతే రద్దయినట్టు. రెండేళ్ల తనిఖీలో ఆపుతారు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు.

ప్రశ్న: ఎల్‌ఈడీ వల్ల మైలేజీ పెరుగుతుందా? (ఖమ్మం)

జవాబు: రెండు బల్బుల మీద మిగిలేది సుమారు 40 వాట్లు. వంద గంటలు నడిపితే రెండు, రెండున్నర లీటర్ల పెట్రోలు మిగలవచ్చు. రెసిస్టర్ పెడితే అదీ లేదు.

ప్రశ్న: ఎల్‌ఈడీ పెట్టాక వానాకాలంలో డీఆర్‌ఎల్ అద్దం లోపల ఆవిరి పడుతోంది. (కాకినాడ)

జవాబు: ఫిలమెంట్ వేడే ఇన్నాళ్లూ ఆ తేమను ఆరబెట్టేది. ఎల్‌ఈడీ వేడి ముందుకు రాదు, వెనక హీట్ సింక్ (వేడిని లాగే లోహపు భాగం) వైపు పోతుంది. ముందు హోల్డర్ రబ్బరు రింగు చూడండి, చాలాసార్లు బిగించేటప్పుడు అది మడతపడి ఉంటుంది. తర్వాత లైటు వెనక గాలి ఆడే సన్నని గొట్టం దుమ్ముతో పూడిందేమో చూసి శుభ్రం చేయండి. దాన్ని సిలికాన్‌తో మూసేస్తే లోపలి తేమ అక్కడే నిలిచిపోతుంది. బల్బు తీసి, ఆ రంధ్రం గుండా హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద పది నిమిషాలు పెట్టి ఆరబెట్టండి. ఎక్కువ వేడి పెడితే అద్దం అంటించిన జిగురు వదులుతుంది.