మయన్మార్‌లోని ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాలపై జాతి హననం జరిగిందంటూ మయన్మార్‌పై కేసు వేయడానికి ఎక్కడో పశ్చిమాఫ్రికాలోని గాంబియాకు ఏం సంబంధం? బంగ్లాదేశ్ ఎందుకు వేయలేదు?

లా చదివే రోజుల్లో ఒక మూట్ కోర్టులో (విద్యార్థులు లాయర్లుగా వాదించే ఉత్తుత్తి కోర్టు పోటీ) జడ్జిగారు నన్ను అచ్చం ఇదే అడిగారు. నాది గాంబియా పక్షం. తగలబడిన ఊళ్ల వివరాలన్నీ గుచ్చి స్పైరల్ బైండింగ్ చేయించిన మెమోరియల్ (రాతపూర్వక వాదన) పట్టుకుని వెళ్లాను. ఆయన దాన్ని తెరవను కూడా తెరవలేదు. "ఏడు లక్షల మంది వచ్చి పడింది బంగ్లాదేశ్‌లో కదమ్మా, మధ్యలో మీరెవరు?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ రౌండ్‌లోనే ఇంటికి.

ఆ రాత్రి హాస్టల్లో 1948 నాటి జాతి హనన నిరోధక ఒప్పందం మొత్తం చదివాను. ఉన్నవి పంతొమ్మిది ఆర్టికల్సే. అవీ చదవకుండానే వాదించడానికి వెళ్లాను!

కిటుకంతా ఆర్టికల్ 9లో ఉంది. దేశాలు ఒప్పుకుంటేనే హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం వాటి తగాదా వింటుంది. ఈ ఆర్టికల్‌ని ఒప్పుకున్నాయంటే ఆ అంగీకారం ముందే ఇచ్చేసినట్టు. కానీ చేరేటప్పుడే "ఇదొక్కటీ మాకు వర్తించదు" అని రిజర్వేషన్ పెట్టుకున్న దేశాలున్నాయి. కాంగో వేసిన కేసు నుంచి 2006లో రువాండా ఇలాగే బయటపడింది. బంగ్లాదేశ్ కూడా ఆర్టికల్ 9పై రిజర్వేషన్ పెట్టుకుంది, కాబట్టి ఆ దారి దానికి మూసుకుపోయినట్టే. మయన్మార్ వేరే ఆర్టికల్స్‌పై పెట్టుకుంది గానీ, 9 జోలికి పోలేదు. గాంబియాకు ఏ రిజర్వేషనూ లేదు. అందుకే 2019 నవంబరులో కేసు వేయగలిగింది.

"నీకేం నష్టం జరిగింది?" అని మయన్మార్ అడ్డు చెప్పింది. జాతి హననం జరగకుండా చూడటం ఒప్పందంలో ఉన్న ప్రతి దేశానికీ సంబంధించిన విషయమేనని 2022 జులై 22న కోర్టు 15-1తో తేల్చింది. నా నోట రావాల్సిన జవాబు అదే.

మన దేశానికీ ఇందులో ఒక కథ ఉంది. 1971 యుద్ధంలో పట్టుబడ్డ 195 మంది పాకిస్తానీలను విచారణకు బంగ్లాదేశ్‌కు అప్పగించొద్దంటూ 1973లో పాకిస్తాన్ ఇదే ఆర్టికల్ పట్టుకుని మన మీద కోర్టుకెక్కింది. ప్రతి కేసుకూ అన్ని పక్షాల అంగీకారం విడిగా కావాలన్నది మన రిజర్వేషన్. అది చూపించి భారత్ హాజరు కాలేదు. ఆ ఏడాది చివర్లో పాకిస్తానే కేసు వెనక్కి తీసుకుంది.

ఇంకొకటి, చాలామంది పొరబడేది: ఈ కోర్టు దేశాల బాధ్యతే తేలుస్తుంది, జనరల్స్‌ని జైల్లో పెట్టదు. వ్యక్తుల్ని విచారించే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వేరు. అదీ హేగ్‌లోనే ఉండటంతో టీవీ వాళ్లు కూడా రెండిటినీ కలిపేస్తుంటారు.