అంతా తెలుసు, చేయబుద్ధి కావడం లేదు

ప్రశ్న: నా వయసు 41. గుంటూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచర్ని. 5 అడుగుల 2 అంగుళాల ఎత్తుకు 79 కిలోల బరువున్నాను. మావారు, ఇంటర్ చదివే అబ్బాయి, ఏడో తరగతి అమ్మాయి, అత్తయ్యగారు, నేను కలిసి ఇంట్లో అయిదుగురం. ఈమధ్య చేయించుకున్న రక్తపరీక్షలో మూడు నెలల షుగర్ సగటు (HbA1c) 6.1 శాతం వచ్చింది. ఇప్పుడే బరువు తగ్గకపోతే ముందు ముందు మందులు తప్పవని డాక్టరు గారు చెప్పారు. రెండేళ్ల క్రితం జిమ్‌కు ఏడాది ఫీజు కట్టి పదకొండు రోజులు వెళ్లాను. తర్వాత అన్నం పూర్తిగా మానేసి ఆరు కిలోలు తగ్గాను, నాలుగు నెలల్లో ఎనిమిది పెరిగాను. ‘నీ వల్ల అయ్యే పని కాదులే’ అని మావారు పిల్లల ముందే నవ్వుతారు. పెళ్లిళ్లలో ఫొటోకు పిలిస్తే అందరి వెనక్కి వెళ్లి నిలబడుతున్నాను. ఏం తినాలో, ఎంత నడవాలో అంతా తెలుసు, చేయబుద్ధి కావడం లేదు. ముఖ్యంగా రాత్రిపూట వంటింట్లో నన్ను నేను ఆపుకోలేకపోతున్నాను. ఆ పట్టుదల ఎలా వస్తుంది?

జవాబు: పట్టుదల మీకు లేదన్న మాటను నేను ఒప్పుకోలేకపోతున్నాను. తెల్లవారుజామున లేచి అయిదుగురికి వండి, డబ్బాలు సర్ది, రోజంతా నిలబడి పాఠాలు చెప్పి, ఇంటికి వచ్చి మళ్లీ పొయ్యి ముందు నిలబడే మనిషికి లేని పట్టుదల ఇంకెవరికి ఉంటుంది? అయితే ఆ పట్టుదలంతా ఇతరుల పనులకే ఖర్చయి, రాత్రి తొమ్మిదిన్నరకు మీ వంతు వచ్చేసరికి అడుగంటిపోతున్నది. అలసిన మనసును ఆ వేళలో ‘నిగ్రహంగా ఉండు’ అని అడగడం, నెలాఖరున ఖాళీ పర్సును అప్పు అడగడం వంటిది. కాబట్టి మీరు అడిగిన ప్రశ్నను కొద్దిగా మారుస్తాను. పట్టుదల అంతగా అవసరం పడకుండా మీ రోజును ఎలా మార్చుకోవచ్చు అన్నదాని గురించే ఈ జవాబు.

ముందు ఉత్సాహం రావాలి, ఆ తర్వాత పని మొదలు పెట్టాలి అని మనలో చాలామంది అనుకుంటాము. అందుకే వచ్చే సోమవారం, సంక్రాంతి వెళ్లాక, పిల్లల పరీక్షలు అయ్యాక అంటూ ఆ ఉత్సాహం కోసం ఎదురు చూస్తుంటాము. నా అనుభవంలో వరుస దీనికి తలకిందులుగా ఉంటుంది. పని కొన్నాళ్లు జరిగాక, దాని వల్ల ఒంట్లో చిన్న మార్పు తెలిశాక, అప్పుడు ఉత్సాహం మెల్లగా వెంట వస్తుంది. నేను కూడా ఒకప్పుడు ఖరీదైన నడక బూట్లు కొని, ఆ అట్టపెట్టెలో రెండేళ్లు కరెంటు బిల్లులు దాచుకున్నదాన్నే. మీ గత ప్రయత్నాలు రెండూ ఎలా ఆగిపోయాయో చూడండి. ఒకదాంట్లో ఏడాది ఫీజు, మరొకదాంట్లో అన్నం పూర్తిగా బంద్. ఆరంభశూరత్వం అని మనల్ని మనమే ఎత్తిపొడుచుకుంటాము గాని, లోపం శూరత్వంలో లేదు, ఆరంభం మరీ పెద్దది కావడంలో ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే పడితే, మరికొందరికి 254 రోజులు పట్టేలా ఉందని వారి అంచనా. మధ్యలో ఒకరోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా వారు గమనించారు. పదకొండో రోజున మీరు మీ మీద ఇచ్చుకున్న తీర్పు, దీన్ని బట్టి చూస్తే, తొందరపాటు తీర్పు.

ఇప్పుడు ఆ రాత్రి వంటింటి దగ్గరకు వద్దాము, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ వాక్యమే. మీరు వివరం రాయలేదు గాని, ఆ దృశ్యం నా దగ్గరకు వచ్చే ఎందరో గృహిణులు చెప్పగా విన్నదే. అందరూ తిని లేచారు. పాప పళ్లెంలో పెరుగన్నం రెండు ముద్దలు మిగిలింది. గిన్నె అడుగున పప్పు గరిటెడు, మూకుడులో వేపుడు మాడు, కుక్కర్లో రేపటికి చాలని, ఈ పూటకు ఎక్కువైన అన్నం. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెరిగినవాళ్లం కనుక పారేయడానికి చెయ్యి రాదు. ఫ్రిజ్‌లో పెడితే రేపు ఎవరూ ముట్టరు. దానితో నిలబడే, మూకుడులోనే అన్నం కలుపుకొని, పళ్లెం కూడా పెట్టుకోకుండా తినేస్తారు. ఆ తర్వాత, అప్పటికి దొరికిన ఆ పది నిమిషాల ఏకాంతంలో, డబ్బాలోని జంతికలు. ఇందులో మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న డబ్బా తర్వాత సరైన ఆహారం పడని కడుపు ఉంది, రోజంతటిలో తనకంటూ మిగిలిన ఒకే ఒక్క సుఖం ఉంది. దీన్ని తిండియావ అని పేరు పెట్టి తిట్టుకుంటే మరుసటి రాత్రి ఇంకాస్త ఎక్కువ తింటారు, అంతే.

అందుచేత మీరు మొదట మార్చవలసింది ఏం తింటున్నారన్నది కాదు, ఎప్పుడు, ఎక్కడ తింటున్నారన్నది. రాత్రి ఎనిమిది గంటలకు, పిల్లలతో పాటు, కూర్చుని, మీ పళ్లెంలో మీరు వడ్డించుకొని తినండి. ముందు సగం పళ్లెం కూర, పప్పు, వీలైతే ఒక గుడ్డు లేదా పెరుగు పెట్టుకొని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. అన్నం మానవద్దు. మానితే ఏమవుతుందో మీకే తెలుసు. ఆడది అందరికీ పెట్టి చివర తినాలన్న పద్ధతిలో పెరిగిన అత్తయ్యగారికి ఇది ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు కనిపించవచ్చు. ఆమెతో వాదించకండి. ‘అత్తయ్యా, డాక్టరు గారు ఎనిమిదింటికి తినమన్నారు, మీరూ నాతోపాటు కూర్చోండి, పెద్దవాళ్లకు కూడా పొద్దుపోయాక తిండి మంచిది కాదట’ అని పక్కన చాప వేయండి. కొసరి కొసరి వడ్డించే అత్తగారికి ఆ వడ్డనే ప్రేమ చూపే దారి కాబట్టి, ‘వద్దు’ అనే కంటే ‘ఇంకొంచెం బీరకాయ కూర వేయండి’ అని అడగడం ఇద్దరికీ మేలు. మిగిలినవాటి సంగతికి వస్తే, వారం రోజులు ఎంత మిగులుతున్నదో గమనించి, బియ్యం ఆ మేరకు తగ్గించి పోయండి. ఒక లెక్కల టీచరుకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

లెక్కల మాట వచ్చింది కనుక మరికొన్ని చెబుతాను. మీ బరువున్నవారు అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 130 కేలరీలు. ఒక చిన్న చెంచా నూనెలో సుమారు 40 ఉంటాయి. అంటే అరగంట చెమటను మూడు చెంచాల నూనె సరిపెట్టేస్తుంది. వేపుడును వారానికి రెండు రోజులకు పరిమితం చేసి మిగతా రోజుల్లో ఇగురు, పులుసు, పప్పుకూరలు వండితే, ఎవరికీ ప్రత్యేకంగా ‘డైట్’ వంట చేయకుండానే ఇంటిల్లిపాదికీ నూనె తగ్గుతుంది. నూనెను డబ్బాలోంచి వంచకుండా చెంచాతో కొలిచి పోయడం మొదలుపెడితే, నెల తిరిగేసరికి కిరాణా చీటీలోనే తేడా కనిపిస్తుంది. అలాగే చక్కెర. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు చక్కెరను రోజుకు 25 గ్రాములకు మించనివ్వవద్దన్నాయి. రెండేసి చెంచాల చక్కెరతో మూడు టీలు తాగితే, ఏ మిఠాయీ ముట్టకుండానే 30 గ్రాములవుతుంది. స్టాఫ్ రూములో నాలుగు గంటల టీతో బిస్కెట్లకు బదులు గుప్పెడు వేరుసెనగలో, ఉడికించిన సెనగలో తిన్నారంటే, ఇంటికి చేరేసరికి ఆకలి అంత దహించదు, రాత్రి గండం సగం అక్కడే గడుస్తుంది.

మరి నడక ఎందుకు అంటారేమో. బరువు ప్రధానంగా వంటింట్లో తగ్గుతుంది. నడకతో షుగర్, నిద్ర, మనసు బాగుపడతాయి. తగ్గిన బరువు తిరిగి రాకుండా నిలవడానికి కూడా అదే ఆధారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు శ్రమ, దానికి తోడు రెండు రోజులు కండరాలకు పని. మీ ఇంట్లో తెల్లవారుజామున నడక సాగదు, ప్రయత్నించకండి. రాత్రి ఎనిమిదిన్నరకు, చెయ్యి కడుక్కున్న వెంటనే, చెప్పులు వేసుకొని వీధి చివరిదాకా వెళ్లి రండి. మొదటి రెండు వారాలు పది నిమిషాలే. ఉత్సాహం పొంగినా పదకొండో నిమిషం వద్దు. తిన్న తర్వాత నడిచే ఆ కాసేపు రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా అడ్డుకుంటుంది, పైగా జంతికల డబ్బా ఉన్న గదిలోంచి మిమ్మల్ని బయటికి తెస్తుంది. మూడో వారం నుంచి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవచ్చు. కండరాలకు, ఆదివారం, బుధవారం కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలు పెట్టండి. మోకాళ్ల నొప్పి ఉంటే మాత్రం ఫిజియోథెరపిస్టును అడిగి చేయండి.

మీ ఎత్తుకు తగిన బరువు 57 కిలోలని మీరు ఈపాటికే లెక్క వేసుకొని ఉంటారు. ఆ 22 కిలోల దూరం చూసినప్పుడల్లా కాళ్లు చచ్చుపడతాయి, దాన్ని పక్కన పెట్టండి. అమెరికాలో మూడు వేల మందికి పైగా, మీలాగే మధుమేహానికి ముందు దశలో ఉన్నవారితో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు శ్రమ చేయడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మీకు 7 శాతం అంటే అయిదున్నర కిలోలు. ఇంకా ముఖ్యమైన సంగతి, మన చెన్నైలో జరిగి 2006లో వెలువడిన అటువంటి అధ్యయనంలో, ఆహారం, వ్యాయామం మార్చుకున్నవారికి బరువు చెప్పుకోదగినంత తగ్గకపోయినా, మధుమేహం ముప్పు మాత్రం సుమారు 28 శాతం తగ్గింది. అందుచేత తూకం కదలని వారాల్లో కూడా మీ శ్రమ వృథా పోవడం లేదు. వారానికి ఒక్కసారి, ఒకే వేళకు బరువు చూసుకుంటే చాలు. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కిలో పెరిగినట్టు కనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. గోడకు వేలాడే క్యాలెండరులో బరువు రాయడం కంటే, ఎనిమిదింటికి తిని పది నిమిషాలు నడిచిన రోజుకు ఒక సున్నా చుట్టడం మంచిది, ఎందుకంటే బరువు మీ చేతిలో లేదు, ఆ సున్నా మీ చేతిలో ఉంది. పెళ్లి భోజనం తిన్న రోజు సున్నా ఉండదు. మరుసటి రోజు పస్తుండి దానికి ప్రాయశ్చిత్తం చేయకండి, ఎనిమిదింటికి మామూలుగా కూర్చోండి.

మీవారి నవ్వు విషయంలో నేను మెత్తగా చెప్పలేను. అది సరదా కాదు. ఆ నవ్వు మీకు ప్రేరణ ఇస్తుందని ఆయన అనుకుంటూ ఉండవచ్చు గాని, సిగ్గు మనిషిని నడకకు పంపడం నేను అరుదుగా చూశాను, వంటింట్లోకి పంపడం తరచుగా చూశాను. పైగా ఏడో తరగతి చదివే మీ అమ్మాయి ఆ నవ్వు వింటూ, ఆడవాళ్ల శరీరాన్ని ఎలా చూడాలో నేర్చుకుంటున్నది. ఇద్దరే ఉన్న వేళ చూసి, కోపం లేకుండా, సూటిగా చెప్పండి: ‘ఏమండీ, పిల్లల ముందు నా ఒంటి గురించి నవ్వవద్దు. ఇది అందం సంగతి కాదు, నాకు షుగర్ వచ్చే దారిలో ఉంది. రాత్రి నేను తిని నడిచి వచ్చేలోగా వంటిల్లు సర్దే పని మీరూ బాబూ చూసుకోండి.’ ఈ చివరి వాక్యాన్ని మొహమాటపడి మింగేయకండి. మిగిలినవాటిని ఎవరు ఎత్తి పెడతారన్నది తేలకపోతే, నేను పైన చెప్పినదంతా రెండు వారాలలో పాత దారికి వస్తుంది. అద్దం ముందు మీ గురించి మీరు అనుకునే మాటలు కూడా అమ్మాయి చెవిన పడనీయకండి.

ఇక వైద్యపరంగా రెండు జాగ్రత్తలు. థైరాయిడ్ పరీక్ష ఇంతవరకు చేయించుకోకపోతే చేయించుకోండి. ఏ పొడులూ, కషాయాలూ ప్రకటనలు చూసి కొనకండి. బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఎవరైనా చెబితే, అది మీ డాక్టరు నిర్ణయించవలసిన విషయం. రెండోది, ‘చేయబుద్ధి కావడం లేదు’ అన్న మాట వ్యాయామానికే పరిమితమా, లేక పాఠం చెప్పడం, స్నేహితులతో మాట్లాడడం, నచ్చిన పాట వినడం కూడా రెండు వారాలకు మించి రుచించడం లేదా అన్నది నిజాయతీగా చూసుకోండి. కడుపు నిండినా ఆపుకోలేక, ఎవరికీ తెలియకుండా, చాలా ఎక్కువ తిని తర్వాత కుమిలిపోవడం వారంలో తరచుగా జరుగుతున్నా అంతే. అలా ఉంటే అది కుంగుబాటో, తిండికి సంబంధించిన మానసిక సమస్యో కావచ్చు. రెండింటికీ చికిత్స ఉంది, మానసిక వైద్యుల్ని కలవడానికి సందేహించకండి.

మూడు నెలల తర్వాత ఆ షుగర్ పరీక్షనే మళ్లీ చేయించుకోండి, అది చూపేది గడచిన ఆ మూడు నెలల సగటే కాబట్టి. రిపోర్టు తెచ్చుకునే రోజున మీవారిని కూడా వెంట రమ్మనండి, క్యాలెండరు కాగితాలు మూడూ చించి సంచిలో పెట్టుకొని వెళ్లండి, డాక్టరు గారికి వాటిని చూపించే పని ఆయనకే అప్పగించండి.