రెక్ అనే మాట పుట్టింది సముద్రం ఒడ్డున

"రెక్ (wreck) అనే ఇంగ్లీషు మాటకి ధ్వంసం అనే అర్థం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగారు. నిఘంటువులు ధ్వంసం, నాశనం అని రెండు ముక్కలు రాసి వదిలేస్తాయి. చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ మాటకి అంతకన్నా ఎక్కువ విలువుందని నాకు గట్టి నమ్మకం.

2020 అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు ఎంవీ మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదకి వచ్చి పడింది. మా నాన్నని బండెక్కించుకుని చూపించడానికి తీసుకెళ్లాను. గాలి ఇంకా తగ్గలేదు. రెయిలింగ్ పొడుగునా జనం, ఫోన్లు. మా పక్కన ఒక కుర్రాడు "షిప్ రెక్, షిప్ రెక్" అని వీడియోలో అరుస్తున్నాడు. నాన్న ఓడ వంక చూడకుండానే నన్ను అడిగాడు: "మడుసులు బతికారేట్రా?"

"పదిహేను మందీ బాగానే ఉన్నారు నాన్నా" అన్నాను.

"అయితే ఓడ పోనేదు. కొట్టుకొచ్చిందంతే."

ఆ ముక్క నన్ను వదల్లేదు. తర్వాత ఈ మాట చరిత్ర చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ శాసనం కూడా ముందు ఇదే అడిగింది. ఓడలోంచి ఒక మనిషి గానీ, కుక్క గానీ, పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే అది రెక్ కిందకి రాదు. సరుకుని ఏడాది మీద ఒక రోజు భద్రంగా ఉంచాలి. ఆలోగా సొంతదారు వచ్చి తనదని రుజువు చేసుకుంటే ఇచ్చెయ్యాలి, లేదంటే అది రాజుకి పోతుంది. అంటే అప్పట్లో రెక్ అన్నమాట విరిగిన ఓడ గురించి కాదు, అల ఒడ్డుకి తెచ్చిపడేసిన సొత్తు గురించి, అది ఎవరికి చెందాలన్న తగువు గురించి. పగిలిన ఓడ అన్న అర్థం తర్వాత అంటుకుంది. ఓడ నుంచి కారుకి, కారు నుంచి మనిషి బతుకుకి పాకింది.

మూలం వైకింగుల వైపు భాషది. పాత నార్స్‌లో 'రెక' అంటే తోలడం, నెట్టుకుపోవడం. ఆ కుటుంబంలోదే రెచ్ (wretch) అనే మాట. ఇప్పుడు దీనుడు, నికృష్టుడు అని వాడుతున్నారు గానీ పాత ఇంగ్లీషులో దానర్థం ఊళ్లోంచి వెళ్లగొట్టబడ్డవాడు. ఓడనైనా మనిషినైనా వెనకనుంచి ఏదో తోలింది, అదీ ఇందులో ఉన్న అర్థం. మన "కొట్టుకొచ్చింది"లో అచ్చం ఆ తోపుడే వినిపిస్తుంది. ధ్వంసం అన్న అనువాదంలో అల లేదు, గాలి లేదు.

ఇది పాత పుస్తకాల సంగతే అనుకోకండి. మన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టంలోనూ (2025లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు) నీటిలో తేలే సరుకు, బరువు తగ్గించడానికి ఓడవాళ్లు విసిరేసిన సరుకు రెక్ కిందే వచ్చేవి. దొరికినవాడు 'రిసీవర్ ఆఫ్ రెక్' అనే అధికారికి చెప్పాలని అందులో ఉండేది. 2025 మే నెలలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే సరుకు ఓడ మునిగి కేరళ తీరానికి కంటైనర్లు కొట్టుకొచ్చినప్పుడు ముట్టుకోవద్దని హెచ్చరించారు కదా. మా పేటల్లో ఈ రిసీవర్ సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు. వాయుగుండం వస్తోందని మైకులో చెప్పేవాళ్లు ఈ ముక్క కూడా చెబితే ఏం పోతుంది?

ఇంకొకటి. విధ్వంసం సృష్టించడం అనడానికి ఇంగ్లీషు సబ్‌టైటిళ్లలో, వార్తల్లో "రెక్ హావొక్" (wreck havoc) అని రాసేస్తున్నారు. అది తప్పు, "రీక్ హావొక్" (wreak havoc) అనాలి. రీక్ కూడా ఇదే కుటుంబంలోదే, దానికి పాత అర్థం పగ తీర్చుకోవడం. హావొక్ అంటే దోచుకోండని సైనికులకిచ్చే కేక. ఒక్క అక్షరం తేడాతో పగ కాస్తా పగిలిన ఓడైపోతోంది. దయచేసి సరిగ్గా రాయండి.