పోయిన వస్తువుల పునీతుడు పండితుడేనా?

ప్రశ్న: వస్తువు పోతే పునీత అంతోనివారిని వేడుకోమని మా పెద్దలంటారు. ఆయన గొప్ప పండితుడు కూడానా? — ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అవును. 1195 ప్రాంతంలో లిస్బన్‌లో పుట్టిన ఆయన అగస్టీను సభలో (ఒక సన్యాసుల సంఘంలో) చేరి, పోర్చుగల్‌లోని కోయింబ్రా మఠంలో ఏళ్ల తరబడి బైబిలును అధ్యయనం చేసి, మొరాకోలో విశ్వాసం కోసం ప్రాణాలిచ్చి హతసాక్షులైన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ల (అస్సీసి ఫ్రాన్సిస్ స్థాపించిన సభ సోదరుల) అవశేషాలు అక్కడికి చేరినప్పుడు చలించిపోయి, 1220లో వారి సభకు మారారు. తర్వాత ఇటలీ చేరాక ఆయన పాండిత్యం కొంతకాలం మరుగునే ఉంది; అక్కడి ఫోర్లీ పట్టణంలో అనుకోకుండా ప్రసంగించవలసి వచ్చినప్పుడు బయటపడింది. చదువు వినయాన్ని చెరుపుతుందేమోనని శంకించే ఫ్రాన్సిస్ వారే, ప్రార్థనాస్ఫూర్తి ఆరిపోకూడదన్న షరతుతో, సోదరులకు దైవశాస్త్రం బోధించడానికి ఆయనకు అనుమతి ఇచ్చారు. 1231లో మరణించిన ఆయనను పోపు పన్నెండవ పయస్ 1946లో తిరుసభ పండితునిగా (బోధనతో తిరుసభకు విశేష సేవ చేసిన పునీతులకు ఇచ్చే బిరుదు) ప్రకటించారు. ఇక మీ పెద్దల మాటకు మూలమూ ఒక పుస్తకమే: ఆయన వ్యాఖ్యలు రాసుకున్న కీర్తనల గ్రంథాన్ని (అచ్చు లేని రోజుల్లో అది చిన్న నష్టం కాదు) ఒక నవశిష్యుడు ఎత్తుకుపోగా, ప్రార్థన ఫలితంగా తిరిగి వచ్చిందని ఐతిహ్యం.