అప్పు పెరుగుతున్నా డివిడెండు ఎందుకు ఇస్తున్నారు?

కావలి మిత్రులకు నమస్కారం. ప్రభుత్వ చమురు కంపెనీ ఒకటి అప్పు పెరుగుతున్నా డివిడెండు, అంటే వాటాదారులకు పంచే సొమ్ము, తగ్గించడం లేదని, నాన్నగారి పదవీ విరమణ సొమ్మును ఆ షేర్లలో ఉంచవచ్చా అని మీరు అడిగారు.

లాభం అంకెను పక్కనపెట్టి, కంపెనీలోకి వచ్చిన, పోయిన నగదును చూపే నగదు ప్రవాహ పట్టిక తీయండి. వ్యాపార నిర్వహణ ద్వారా వచ్చిన నగదులోంచి బావులు, పైపులైన్లు, రిఫైనరీలపై పెట్టిన మూలధన వ్యయాన్ని తీసివేయగా మిగిలినదానికంటే డివిడెండు వరుసగా రెండు మూడేళ్లు ఎక్కువగా ఉంటే, ఆ లోటును చాలావరకు అప్పే పూడుస్తున్నదని అర్థం. 2020లో ముడిచమురు ధర కూలినప్పుడు విదేశీ చమురు కంపెనీ షెల్ తన త్రైమాసిక డివిడెండును షేరుకు 47 సెంట్ల నుంచి 16 సెంట్లకు తగ్గించింది. అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ మాత్రం అప్పు పెంచుకుని యథాతథంగా చెల్లించింది. వాటాదారులకు బాధ కలిగించినా మొదటిదే బాధ్యతగల నిర్ణయమని నా అభిప్రాయం.

మన ప్రభుత్వ సంస్థల తీరు వేరు. 2024 నవంబరులో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కేంద్ర ప్రభుత్వ సంస్థలు సాధారణంగా నికర లాభంలో 30 శాతం లేదా నికర విలువలో (ఆస్తుల్లోంచి అప్పులు తీసివేయగా మిగిలేదానిలో) 4 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంత కనీస డివిడెండుగా చెల్లించాలి. అందువల్ల అక్కడ డివిడెండు ఆగకపోవడం ఒక్కటే ఆర్థిక బలానికి రుజువు కాదు. అనుబంధ సంస్థల అప్పు కూడా కలిసే ఏకీకృత ఖాతాలనే చూడండి. నాన్నగారి నెలవారీ ఖర్చులకు, మందులకు కావలసిన సొమ్మును మాత్రం దయచేసి ఇందులో ఉంచకండి.