కౌంటీ బడ్జెట్‌ను ఏడాది మధ్యలో మార్చొచ్చా?

కాలిఫోర్నియాలో మార్చొచ్చు. అక్కడ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. ఆ తర్వాత సవరణకు ఎన్ని ఓట్లు కావాలన్నది డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకే ఫండ్‌లో (ఒక్కో అవసరానికి విడిగా ఉంచే ఖాతాలో) ఒక విభాగానికి కోసి ఇంకోదానికి ఇవ్వడమైతే, మొత్తం పెరగనంతవరకు సూపర్‌వైజర్ల బోర్డులో, అంటే కౌంటీని నడిపే ఎన్నికైన సభలో, మామూలు మెజారిటీ చాలు.

ఫండ్ నుంచి ఫండ్‌కి మళ్లించాలన్నా, అనుకోని ఖర్చుల కోసం పక్కన పెట్టిన నిధిని ముట్టుకోవాలన్నా ఐదింట నాలుగు వంతుల ఓట్లు కావాలి. బోర్డులో ఉండేది సాధారణంగా ఐదుగురే. ఇద్దరు అడ్డం తిరిగితే అంతే సంగతులు! షెరీఫ్ శాఖకు (కౌంటీ పోలీసులకు) బడ్జెట్‌లో లెక్క వేయని గ్రాంటు వచ్చిందనుకోండి, దాన్ని ఖర్చుకు కేటాయించడానికీ ఇదే లెక్క.

విభాగం లోపలి చిన్న సర్దుబాట్లు మాత్రం, బోర్డు అధికారం అప్పగిస్తే, కౌంటీ లెక్కలు చూసే ఆడిటర్ స్థాయిలోనే అయిపోతాయి.