చలివేంద్రం దగ్గర కాదు, కాంటా దగ్గర అడగండి

ప్రశ్న: వ్యాపారంలో నీతి, న్యాయం, కార్పొరేట్ బాధ్యత లాంటివి నిజంగా ఉంటాయా, ప్రచారం కోసమేనా? తత్వవేత్తలు దీని గురించి ఏమన్నారు?

తత్వవేత్తల దగ్గరికి తర్వాత వెళ్దాం. ముందు ఒక గ్లాసు మజ్జిగ గురించి చెప్తాను.

2019 యాసంగి సీజన్. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్ కోచింగుకు డబ్బుల్లేవు. నల్లగొండ జిల్లాలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేరాను. నెలకు తొమ్మిది వేలు, మధ్యాహ్నం భోజనం అక్కడే. మిల్లు పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, గోడ అవతలి మిల్లులోనూ ఇదే కథ. ప్రభుత్వం తరఫున రైతుల దగ్గర వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల నుంచి వచ్చే లారీల ట్రక్ షీట్లు చూడడం, వేబ్రిడ్జి చీటీతో సరిపోల్చడం, ఎన్ని బస్తాలు దిగాయో పుస్తకంలో రాయడం నా పని.

గేటు పక్కన వేపచెట్టు కింద మా సేటు పెట్టించిన చలివేంద్రం ఉండేది. తాటాకు పందిరి, తడిగుడ్డ చుట్టిన రెండు పెద్ద కుండలు, గొలుసుతో కట్టేసిన స్టీలు గ్లాసు, పైన వాళ్ల నాన్నగారి ఫొటోతో ఫ్లెక్సీ. పన్నెండు దాటితే మజ్జిగ కూడా పోసేవారు. అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. వంక పెట్టడానికి లేదు, నిజంగా బాగుండేది. లారీలు ఒక్కోసారి రెండు రోజులు క్యూలో ఉండేవి కాబట్టి డ్రైవర్లూ, లారీ వెంట వచ్చిన రైతులూ అక్కడే గడిపేవారు.

వడ్ల తూకంలో కోసే కోతను తరుగు అంటారు. అది తెలియని పట్నం వాళ్ల కోసం రెండు ముక్కలు. సెంటర్లో బస్తాకు 40 కిలోల లెక్క. ఖాళీ సంచి బరువు అరకిలో పైచిలుకు. అంటే 40న్నర, ఇంకాస్త తూస్తే సరిపోవాలి. కానీ కాంటా మీద 42 దాకా పోసేవారు. ఇదేంటంటే "లేకపోతే మిల్లోళ్లు దించుకోరు" అనేవారు సెంటర్ వాళ్లు. ఆ లారీయే మిల్లుకొచ్చాక "తాలుంది, తేముంది" అని ఇక్కడ ఇంకో కోత. తేమ 17 శాతం లోపుండాలని రూలు. సెంటర్లో మీటరు పెట్టి, సరిగ్గా ఉందనుకున్నాకే లారీ ఎక్కిస్తారు. అవే వడ్లు మే నెల ఎండలో రెండు రోజులు నిలబడ్డాక మా మిల్లు మీటరులో తేమ పెరిగేది! ఈ సైన్సు నాకు ఏ బడిలోనూ చెప్పలేదు.

ఒక రోజు 600 బస్తాల లారీ వచ్చింది. మా పక్క ఊరి వడ్లు. నలుగురైదుగురు రైతులవి కలిపి ఎక్కించారు, వాళ్ల తరఫున ఒకాయన వెంట వచ్చాడు. యాభై ఐదేళ్లుంటాయి. నేను మామా అంటే ఆయన అల్లుడా అనేవాడు, చుట్టరికం ఏమీ లేదు. రెండో రోజు మధ్యాహ్నానికి వంతు వచ్చింది. అదే టైముకి పడమటి దిక్కు మబ్బు పట్టింది. సూపర్‌వైజర్ సంచిలోకి బొంగు పొడిచి, అరచేతిలో గింజలు నలిపి, "పదిహేను బస్తాలు కట్. లేకపోతే లారీ తిప్పుకోండి" అన్నాడు.

పదిహేను బస్తాలంటే ఆరు క్వింటాళ్లు. ఆ ఏడు ఏ గ్రేడు మద్దతు ధర 1,770 రూపాయలు. 10,620 రూపాయలు. సెంటర్లో ఎక్కువ తూచిన కిలోలు దీంట్లో కలపలేదు.

"అల్లుడా, సెంటర్ల మీటరు పెడితే పదహారే సూపిచ్చింది. నా ముంగటనే సూశిండ్రు."

"నా చేతిల ఏమున్నది మామా. రాయమన్నది రాస్త."

ఆయన మబ్బు వైపు చూశాడు. లారీ డ్రైవరు హాల్టింగ్ డబ్బులు ఎవరిస్తారని అప్పటికే అరుస్తున్నాడు. తిప్పుకుపోతే ఎక్కడికి పోతాడు? సెంటర్ తీసుకోదు, ఇంకో మిల్లు మాకు కేటాయించలేదంటుంది. వాన పడితే మొలకలొస్తాయి. కాసేపు ఆగి "సరే, రాయి" అన్నాడు. నేను 585 అని రాశాను. ఆయన సంతకం పెట్టాడు. కాగితం మీద చూస్తే ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న ఒప్పందమే.

సాయంత్రం చెయ్యి కడుక్కోవడానికి బయటికొస్తే ఆయన చలివేంద్రం దగ్గరున్నాడు. మజ్జిగ గ్లాసు ఎత్తి మొత్తం తాగి, మూతి తుడుచుకుని అన్నాడు: "మజ్జిగ మంచిగున్నది అల్లుడా. ఎన్ని బస్తాలకొక్క గ్లాసు?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

కార్పొరేట్ బాధ్యత అన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ గ్లాసే గుర్తొస్తుంది.

సేటు వైపు కూడా చెప్పాలి. ఆయన దుర్మార్గుడేమీ కాదు. హమాలీల పిల్లలకు పుస్తకాలు కొనిచ్చేవాడు. ఒకసారి ధైర్యం చేసి అడిగితే కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. క్వింటా వడ్లు తీసుకుంటే ప్రభుత్వానికి 67 కిలోల బియ్యం తిరిగి పెట్టాలి. యాసంగి వడ్లు ఎండకు పగిలి నూక ఎక్కువవుతుంది. ఆ లోటు ఎక్కడి నుంచి పూడ్చాలి అని ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే, కాదనను. కానీ ఆ గొడవ ఆయనకూ ప్రభుత్వానికీ మధ్య ఉండాల్సింది. ప్రభుత్వంతో కొట్లాడితే మిల్లుకు వడ్ల కేటాయింపు పోతుందని భయం. రైతుతో అయితే ఏ భయమూ లేదు, మబ్బు పడితే చాలు. నేను చూసిన ప్రతి వ్యాపారంలోనూ ఇంతే. పైనుంచి పడిన నష్టం, ఎదురు తిరగలేనివాడి దగ్గరికి జారేదాకా ఎక్కడా ఆగదు.

ఇక మీరడిగిన తత్వవేత్తలు. 1785లో జర్మన్ ఆయన కాంట్ ఒక దుకాణదారుడి ఉదాహరణ ఇచ్చాడు. చిన్నపిల్లాడు వచ్చినా ఎక్కువ తీసుకోడు, అందరికీ ఒకే ధర. కానీ మంచిపేరుంటే బేరం బాగా సాగుతుందనే అలా చేస్తున్నాడు కాబట్టి, అది కర్తవ్యం కోసం చేసిన పని కాదనీ, దానికి నైతికమైన విలువ లేదనీ కాంట్ తేల్చాడు. కాలేజీలో ఒక సారు ఈ పాఠం చెప్పినప్పుడు ఆహా అనుకున్నాను. మిల్లులో పనిచేశాక మాత్రం ఒప్పుకోలేను. కాంట్ గారూ, ఆ దుకాణదారుడిని మా జిల్లాకు పంపండి, ఊరి మొదట్లోనే బోనాలతో ఎదురొస్తాం. లాభం కోసం సరిగ్గా తూచినా సరే, మాకు సరిగ్గా తూస్తే చాలు. మనసు ఎలాంటిదో ఆ దేవుడు చూసుకుంటాడు.

ఇంకొకాయన ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. వ్యాపారానికి ఉన్న సామాజిక బాధ్యత లాభాలు పెంచుకోవడమేనని 1970లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. ఈ ఒక్క మాట పట్టుకుని ఆయన్ని తిట్టేవాళ్లూ, నెత్తిన పెట్టుకునేవాళ్లూ ఇద్దరూ ఆ వాక్యం చివరిదాకా చదవరు. ఆట నియమాలకు లోబడి, స్వేచ్ఛగా పోటీ ఉన్నచోట, మోసం దగా లేకుండా అనే షరతు కూడా ఆయనే పెట్టాడు. మా మిల్లును దాని మీద తూయండి. పోటీ ఏది? రైతు ఏ మిల్లుకు పోవాలో కేటాయించేసి ఉంటుంది. పదహారున్న తేమను ఎక్కువని చెప్పడం దగా కాదా? లాభమే ధర్మం అన్న పెద్దమనిషి పెట్టిన పరీక్షలో కూడా మా సేటు పాస్ కాడు.

నాకు నచ్చింది జాన్ రాల్స్ అనే అమెరికన్ తత్వవేత్త ఆలోచన. సమాజంలో నీ స్థానం ఏంటో నీకు తెలియకుండా నియమాలు రాయమంటాడు. మా లెక్కలో చెప్పాలంటే, రేపు పొద్దున గేటు లోపల సేటుగా లేస్తావో, బయట లారీ కింద తువ్వాలు పరుచుకుని పడుకున్న రైతుగా లేస్తావో తెలియదు. ఇప్పుడు చెప్పు, బస్తాకు ఎన్ని కిలోలు కోద్దాం?

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో అకౌంట్స్‌లో ఉన్నాను. కంపెనీల చట్టం 2013 ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మేమూ పెడతాం. ఒకసారి ప్రభుత్వ బడిలో బాత్రూములు కట్టించాం. తలుపు మీద లోగో ఏ సైజులో ఉండాలి, నీలం రంగు సరిగ్గా వచ్చిందా అని గంటసేపు మీటింగు. ఆ తలుపులు చేసిచ్చిన చిన్న వర్క్‌షాప్ ఆయన బిల్లు నాలుగు నెలలుగా నా టేబుల్ మీదే ఉంది. చిన్న పరిశ్రమలకు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నుంచే చట్టం ఉంది. ఆయన ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉందండీ" అనేవాడిని. ఆయనకు ఆ చట్టం తెలుసు. కేసు వేస్తే మళ్లీ ఆర్డరు రాదని కూడా తెలుసు. మిల్లు గేటు దగ్గర మామ మబ్బు వైపు చూసినట్టే ఈయన తర్వాతి ఆర్డరు వైపు చూస్తున్నాడు. మా వార్షిక నివేదికలో మాత్రం ఆ బడి పిల్లల ఫొటో పూర్తి పేజీ వేశారు, మంచి గ్లాసీ పేపరు.

కామెంట్లలో ఎవరో ఒకరు "అయితే దానాలు చేయొద్దంటావా" అంటారని తెలుసు. అనను. మన కళ్ల ముందు జరిగిన సత్యం కంప్యూటర్స్ కథే చూడండి. ఆ కంపెనీ అధినేత రామలింగరాజు 2005లో మొదలుపెట్టిన సంస్థే 108 అంబులెన్సులు నడిపింది. మా నానమ్మకు ఊపిరాడని రాత్రి మా ఊరికి వచ్చింది ఆ బండే. 2008లో సత్యం కంపెనీకి కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న ఆయనే లేఖ రాశాడు: లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని. అంబులెన్సు నిజం, మోసమూ నిజం. అంబులెన్సు వచ్చింది కాబట్టి లెక్కలు సర్దుకుపోవు. లెక్కలు తప్పాయి కాబట్టి ఆ రాత్రి బండి రాలేదనీ అనలేను. ఈ రెంటినీ ఒకే పద్దులో రాసి, కూడికలు తీసివేతలు చేసి "మొత్తమ్మీద మంచివాడే" అనేవాళ్లతోనే నాకు పేచీ. పదో తరగతి పిల్లాడికి కూడా రెండు వేర్వేరు ఖాతాలు కలిపి రాయకూడదని తెలుసు.

ఇంతకీ నువ్వేం చేశావంటారేమో. ఏమీ చేయలేదు. రాజీనామా చేసి బయటికొచ్చే సీన్లు సినిమాల్లో ఉంటాయి. సీజన్ అయ్యేదాకా రాశాను. కొన్ని లారీలకు పది, కొన్నిటికి ఇరవై. చివరి రోజు సేటు భుజం తట్టి రెండు వేల రూపాయలు, మిల్లులోనే ఆడించిన 25 కిలోల బియ్యం బస్తా ఇచ్చాడు. బండి మీద పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

నాన్న మూతి విప్పి, చెయ్యి లోపలికంటా పెట్టి, గుప్పెడు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. ఆ ఏడు మా వడ్లు వేరే మిల్లుకు పోయాయి, అక్కడా కోశారు. అరచేతిలో బియ్యం అటూ ఇటూ ఆడించి, "నూక లేదు కదరా" అన్నాడు.